యారాడ కొండ మీద మూడు రౌండ్లు

యాభై దాటాక నాకు సైకిల్ పిచ్చి పట్టిందని మా ఇంట్లో వాళ్ళ అభియోగం. పిచ్చి పాతదే. మధ్యలో ఓ పాతికేళ్ళు పిల్లలూ ఉద్యోగమూ అడ్డొచ్చాయంతే. మొన్న చలికాలంలో సబ్బవరం అవతల జీడితోటల్లో చిన్న కొండ సైకిల్ పందెం పెట్టారు. పెద్దదేం కాదు. నలభై దాటిన ఆడవాళ్ళకి రెండే రౌండ్లు, రాళ్ళూ ఎర్రమట్టీ ఒక ఎండిపోయిన వాగూ దాటి మళ్ళీ మొదటికి రావడమే. పేరిచ్చాను. పేరిచ్చిన చోట ఓ కాగితం చేతిలో పెట్టి నింపమన్నారు. పేరు, వయసు, రక్తం గ్రూపు రాశాక ఇంకో ప్రశ్న కనిపించింది: మీకు ఇప్పుడు గానీ చిన్నతనంలో గానీ గుండె జబ్బు ఉందా? ఉంది, లేదు అని రెండు గళ్ళు. లేదు అన్న గడిలో టిక్కు పెట్టడానికి ఎంతసేపు కావాలి? నా చెయ్యి మాత్రం అక్కడ ఆగిపోయింది. ఆ ఒక్క గడి కోసం మా ఇంట్లో పదేళ్ళు యుద్ధం జరిగింది మరి. వెనకాల నిలబడ్డావిడ, "ఏటండీ, పెన్ను రాయట్లేదా?" అని తన పెన్ను ఇవ్వబోయింది.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. నాకు ఐదేళ్ళప్పుడు నడి వేసవిలో కాలవ గట్టు మీద ఆడుతూ కళ్ళు తిరిగి పడిపోయానట. ఊళ్ళో ఇంజెక్షన్లు చేసే డాక్టరు గారొకాయన గొట్టం పెట్టి విని, గుండెలో ఏదో చప్పుడు వస్తోంది, కాస్త జాగ్రత్తగా చూసుకోండి అన్నారు. ఆయన అన్నది అంతే. ఆ మాట మా వీధి చివరికి వెళ్ళేసరికి పిల్ల గుండె బలహీనం అయింది, చెరువు దాకా వెళ్ళేసరికి గుండెకి చిల్లు అయింది. ఆ చిల్లు వార్త తిరిగి మా ఇంటికే వచ్చి, మా వాళ్ళే దాన్ని నమ్మారు. అప్పట్నుంచి నేను పరిగెత్తకూడదు, తాడాట ఆడకూడదు, ఎండలోకి వెళ్ళకూడదు, గట్టిగా ఏడవకూడదు. ఎవరైనా నన్ను ఏడిపిస్తే వాళ్ళకి దెబ్బలు పడేవి కాబట్టి ఆ ఏర్పాటులో కాస్త లాభం కూడా ఉండేదని ఒప్పుకోవాలి. కానీ పిల్లలు నన్ను ఆటలోకి పిలవడం మానేశారు. అప్పడాల పిండిలా పక్కన పెట్టి గుడ్డ కప్పి ఉంచిన పిల్లతో ఎవరాడతారు?

నాకు పధ్నాలుగు వెళ్ళేసరికి నాన్నగారికి స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్‌లో క్వార్టరు వచ్చింది. అంతకు ముందు ఆయన ఒక్కరే గదిలో ఉండి నెలకోసారి ఊరొచ్చేవారు. నాన్నగారు, అమ్మ, మామ్మ, నేను, నాలుగు ట్రంకు పెట్టెలు, రెండు జాడీల ఆవకాయ ఆ రెండో అంతస్తు ఇంట్లోకి దిగాం. ఆ ఇంటి పొద్దుటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. అందరిళ్ళలో కాఫీ వాసన వస్తే మా ఇంట్లో తెల్లమద్ది చెక్క కషాయం వాసన వచ్చేది. గుండెకి మంచిదని మామ్మ ఊరి నుంచి ఆ బెరడు గోనెసంచీతో తెప్పించేది. తెల్లారకుండానే స్టవ్ మీద పాలల్లో అది కుతకుతమంటూ ఉంటే, ఏ షిఫ్టు నుంచో వచ్చిన నాన్నగారి ఖాకీ బట్టల్లోని గ్రీజు వాసన దానితో కలిసేది. ఆయన నీళ్ళ పంపుల దగ్గర పని చేసేవారు. కొలిమి చల్లబరచడానికి నీళ్ళు తోసే పెద్ద పెద్ద పంపులవి. పంపు ఒంటి మీద ఓ చెక్క పుల్ల ఆనించి రెండో చివర చెవికి పెట్టుకుని, లోపల బేరింగు బాగుందో లేదో చెప్పేవారని పేరు. ఇంట్లో ఆయనకి నేనొక పంపుని. దగ్గరికి తీసుకున్నప్పుడల్లా నేను చెప్పే కబుర్లు వింటున్నారో, నా లోపలి చప్పుడు వింటున్నారో తెలిసేది కాదు.

పేరుకి వైజాగ్‌లో ఉన్నామనే గానీ మా సెక్టార్‌లో ఎటు చూసినా గోదావరి వాళ్ళూ కృష్ణా వాళ్ళే. బడిలో పిల్లలూ వాళ్ళే, కూరల బండి దగ్గర బేరాలూ మా యాసలోనే. అసలు వైజాగ్ మాట మా గుమ్మంలోకి తెచ్చింది ఒకే ఒక మనిషి, నాన్నగారితో పాటు పంప్ హౌస్‌లో క్రేన్ నడిపే అప్పలరాజు గారు. ఆయన అక్కగారిది యారాడ. మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు గుమ్మంలోంచే, "ఏటి బావా, ఇల్లు సర్దీసినావేటి?" అని కేకేశారు. మామ్మ నాన్నగారిని వంటింట్లోకి పిలిచి, "ఈయన ఏ వైపు బావరా? నాకు తెలియని చుట్టం ఎవరు?" అని ఆరా తీసింది. ఇక్కడ మగవాళ్ళు స్నేహంగా ఒకళ్ళనొకళ్ళు అలాగే పిలుచుకుంటారని నాన్నగారు ఎంత చెప్పినా, బావ అన్నాక ఊరికే పంపకూడదని మామ్మ ఆయనకి అన్నం పెట్టే పంపింది. నాన్నగారు మాత్రం ఆయన్ని 'అప్పలరాజు గారూ' అనే పిలిచేవారు. అప్పలరాజు గారు కూడా మా ఇంట్లో ఉన్నంతసేపూ మర్యాదకి మాట కొంచెం సర్దుకునేవారు. నన్ను 'పాప' అనేవారు. ఆ మర్యాదే తర్వాత మా కొంప ముంచబోయింది.

నన్ను మంచి డాక్టరుకి చూపించమని అప్పలరాజు గారు పెట్టిన పోరు పడలేకే నాన్నగారు నన్ను వన్ టౌన్‌లో ఒక పెద్ద డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళారు. కింద పప్పుల హోల్‌సేల్ కొట్టు, పైన ఆసుపత్రి. మెట్ల మీద ఎండుమిరపకాయల ఘాటుకి తుమ్ముతూ పైకెక్కాం, అదీ ఐదు మెట్లకోసారి ఆగి. డాక్టరు గారు చాలాసేపు విన్నారు. కూర్చోబెట్టి, పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమని విన్నారు. కాగితం మీద గీతలు తీయించి చూశారు. చివరికి, "చప్పుడుంది, జబ్బు లేదు. చాలా మంది పిల్లలకి ఉంటుంది. గొట్టంలో నీళ్ళు జోరుగా పోతే చప్పుడు రాదా? అలాంటిదే. పరిగెత్తనివ్వండి," అన్నారు. నాన్నగారు చేతులు కట్టుకుని, "పంపులో చప్పుడు వస్తే మేం వెంటనే ఆపి చూస్తామండి," అన్నారు. డాక్టరు గారు నవ్వి, "మనిషిని ఆపి చూడలేం కదండీ," అన్నారు. ఆ మాటకి నేను మెట్లన్నీ ఒక్క పరుగున దిగిపోదామనుకున్నాను. కానీ నాన్నగారు నా రెక్క పట్టుకునే దింపారు, ఐదు మెట్లకోసారి ఆగి.

అసలు బాధ బడిలో. ఆటల పీరియడ్లో నేను వరండాలో కూర్చుని అందరి వాచీలూ రిబ్బన్లూ కాపలా కాసేదాన్ని. ఏటేటా బడి తెరవగానే నాన్నగారు, మా అమ్మాయికి ఆరోగ్యం బాగుండదు కాబట్టి ఆటల నుంచి మినహాయించ ప్రార్థన అని చీటీ రాసిచ్చేవారు. ఆయన దస్తూరి ముత్యాల్లా ఉండేది, ఆ ముత్యాలు చూస్తే నాకు ఒళ్ళు మండేది. పదో తరగతి సెలవుల్లో అప్పలరాజు గారు ఓ కబురు తెచ్చారు. యారాడలో కుర్రాళ్ళ సంఘం ఒకటి కొండ మీద సైకిల్ పందెం పెడుతోందనీ, మూడే మూడు రౌండ్లనీ, తన దగ్గర గేర్ల సైకిల్ ఒకటి ఊరికే పడి ఉందనీ. నాకేసి చూసి, "పాప తొక్కుతాదేటి?" అని ఊరికే అన్నారు. నేను తొక్కుతానన్నాను. వంటింట్లో గరిటె కింద పడిన చప్పుడైంది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" అంది మామ్మ. అమ్మ ఆ గరిటె తీసి కడుక్కుంటూ, ఎవరి మొహమూ చూడకుండా, "డాక్టరు గారి మాట వినకపోతే అంత దూరం బస్సెక్కి ఎందుకు వెళ్ళినట్టు?" అంది. అమ్మ మా ఇంట్లో రోజుకి పది మాటలు మాట్లాడేది, అందులో తొమ్మిది కూరల గురించి. అందుకేనేమో నాన్నగారు చాలాసేపు ఆలోచించారు.

ఆలోచించి ఒక ఒప్పందం పెట్టారు. నేను మూడు రౌండ్లూ మధ్యలో ఆగకుండా పూర్తి చేస్తే ఇక ఆ చీటీ రాయరు, ఇంటర్లోనే కాదు, ఇంకెప్పుడూ రాయరు. ఆయాసం వచ్చిగానీ నొప్పి వచ్చిగానీ ఆగిపోతే మాత్రం చీటీ రాస్తారు, నేను మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. ఒప్పుకున్నాను. తర్వాత నెల రోజులు అప్పలరాజు గారి సైకిల్ మీద టౌన్‌షిప్ రోడ్లన్నీ తిరిగాను. లావుపాటి టైర్లూ, వంకర లేని హ్యాండిలూ ఉన్న ఎర్ర సైకిల్ అది. ఎత్తు మీద చిన్న గేరు వేస్తే కాళ్ళు గిరగిరా తిరుగుతాయి, సైకిల్ మాత్రం పెళ్ళి నడక నడుస్తుంది. నాకు అది చాలు. నాన్నగారు షిఫ్టు లేని పొద్దుల్లో బాల్కనీలో నిలబడి నేను మలుపు తిరిగే దాకా చూసేవారు. తిరిగి వచ్చాక నేను మంచినీళ్ళు తాగే దాకా కదిలేవారు కాదు.

పందెం రోజు సైకిల్ బస్సు మీద వేసుకుని నాన్నగారూ అప్పలరాజు గారూ నేనూ కొండ దిగి యారాడ చేరాం. ఒక పక్క సముద్రం, రేవులోకి పిలుపు కోసం దూరంగా లంగరేసుకుని ఉన్న ఓడలు, ఇసకలో పడవలు, ఎండబెట్టిన వలలు. ఇంకో పక్క కొండ. ఊళ్ళోంచి బయల్దేరి, జీడిమామిడి చెట్ల మధ్య కాలిబాట పట్టుకుని కొండ నడుం దాకా ఎక్కి, అక్కడ నుంచి రాళ్ళ బాటలో ఇంకో వైపు దిగి, ఇసక దాటి మళ్ళీ ఊళ్ళోకి. అది ఒక రౌండు. మొత్తం పదిహేను మందిమి, అందులో ఆడపిల్లని నేనొక్కదాన్నే. చెట్లడ్డం వచ్చి కింద వాళ్ళకి కొండ మీద ఏం జరుగుతోందో కనపడదు. దానికి వాళ్ళ దగ్గర సొంత ఏర్పాటు ఉంది. కొండ మీంచి సముద్రంలో చేపల గుంపు కనపడితే కిందున్న పడవల వాళ్ళకి కేకేసి చెప్పడం ఆ ఊరి వాళ్ళకి అలవాటేనట. అలాగే మలుపుకొకరు నిలబడి, పైవాళ్ళ కేకని కిందివాళ్ళు అందుకుని మళ్ళీ కేకేస్తే కబురు ఊళ్ళోకి దిగుతుంది. నాలుగు గొంతులు, ఒక కబురు. నాన్నగారు కింద పందెం ముగిసే చోట, పడవ నీడలో నిలబడ్డారు. విజిల్ ఊదే ముందు నా దగ్గరికొచ్చి సీటు ఎత్తు సరిచూసి వెళ్ళిపోయారు.

విజిల్ ఊదగానే మగపిల్లలంతా దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయారు. నేను చిన్న గేరు వేసుకుని నా పెళ్ళి నడక మొదలుపెట్టాను. మొదటి మలుపు దగ్గరకి వస్తున్నానో లేదో, "గుంట! గుంటొస్తంది!" అని ఎవరో అరిచారు. మా గోదావరి వైపు గుంట అంటే గొయ్యి. ఎంత మంచివాళ్ళు, ముందే హెచ్చరిస్తున్నారు అనుకుని బ్రేకు నొక్కి, కళ్ళు పెద్దవి చేసుకుని నేలంతా వెతుక్కుంటూ మెల్లిగా వెళ్ళాను. గొయ్యేమీ లేదు. రెండో మలుపు దగ్గర ఇంకా గట్టిగా, "గుంటొస్తంది, తప్పుకోండర్రా!" అన్నారు. మళ్ళీ బ్రేకు. మళ్ళీ చదునైన నేల. దిగుడులో అయితే ముగ్గురు ఆడవాళ్ళు కలిసి చేతులూపుతూ "గుంట, గుంట" అని గోల పెట్టారు. ఇక్కడ తప్పకుండా బావి అంత గొయ్యి ఉంటుందని కాళ్ళు రెండూ నేలకి ఆనించి, సైకిల్‌ని దూడని నడిపించినట్టు దింపుకున్నాను. ఆ ముగ్గురూ నోళ్ళు తెరుచుకుని చూశారు. రెండో రౌండు కూడా ఇదే వరస. ఇన్ని గుంటలున్న కొండ మీద పందెం పెట్టినవాళ్ళ తెలివిని మనసులో తిట్టుకుంటూ, ఒక్క గుంటా కనపడనందుకు నా కళ్ళనీ తిట్టుకుంటూ ఇసక దాటాను. నాన్నగారు దూరం నుంచి రెండు వేళ్ళు చూపించారు, రెండయ్యాయి అని. ఆయన మొహంలో అప్పుడే కొంచెం రంగు వచ్చింది. ఆ గొడవలో పడి ఒక సంగతి నేను గమనించుకోలేదు. ఆ కొండ రెండుసార్లు ఎక్కినా నాకేమీ కాలేదు. గుండె కొట్టుకుంటోంది, కొట్టుకోవలసినట్టే కొట్టుకుంటోంది.

మూడో రౌండులో కొండ నడుం మీద, బాట అన్నిటికన్నా ఎత్తుకి చేరే చోట, ఎండుచేపల గంప పక్కన పెట్టుకుని ఒక ముసలావిడ కూర్చుంది. నన్ను చూడగానే లేచి నిలబడి, చేతులు రెండూ చాచి, "అదిగో గుంట! గుంటొచ్చీసినాది!" అని ఊరంతా వినపడేలా అరిచింది. నాకింక ఓపిక పోయింది. సైకిల్ ఆపి దిగి, "ఎక్కడండీ ఆ గుంట? ఇందాకట్నుంచీ అందరూ గుంట గుంట అంటున్నారు. నాకు ఒక్కటీ కనపడలేదు," అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కింద దాకా చూసింది. "ఓలమ్మ! గుంటెక్కడేటే? నువ్వు కాదేటి గుంటవి! ఇన్నాల్లకి ఈ కొండ మీద ఒక ఆడగుంట సైకిలెక్కి వచ్చినాదని సంబరపడి సెప్తన్నాం. ఏ ఊరే నీది?" అంది. గుంట అంటే ఆడపిల్లట, మగపిల్లాడైతే గుంటడట. అంటే ఇంతసేపూ ఈ కొండ కొండంతా నన్ను చూడండర్రా అని అరుస్తుంటే, నేను నన్నే తప్పించుకోవడానికి బ్రేకులు నొక్కుతూ వచ్చానన్నమాట. నాకు నవ్వు ఆగలేదు. సైకిల్ చెట్టుకి ఆనించి, చెయ్యి గుండెల మీద పెట్టుకుని, వంగి మరీ నవ్వాను. ఆవిడా నవ్వింది. మేమిద్దరం ఎందుకు నవ్వుతున్నామో కింద మలుపులో ఉన్నవాళ్ళకి తెలీదు. వాళ్ళకి కనపడింది ఒకటే. పిల్ల సైకిల్ దిగింది, గుండె పట్టుకుని వంగిపోయింది. వాళ్ళు వాళ్ళ పని వాళ్ళు చేశారు. "గుంట ఆగిపోనాది!" అని కిందికి కేకేశారు.

కింద ఏం జరిగిందో అప్పలరాజు గారు ఆ తర్వాత కనీసం వందసార్లు చెప్పారు, చెప్పిన ప్రతిసారీ తన ఛాతీ మీద తనే చరుచుకుంటూ. గాలి సముద్రం మీంచి కొండకి కొడుతోంది. కేక నాలుగు గొంతులు మారింది. చివరి గొంతు పడవల దగ్గరికి వచ్చేసరికి, పదేళ్ళుగా ఒకే మాట కోసం భయపడుతూ బతుకుతున్న మనిషి చెవిలో అది 'గుండె ఆగిపోనాది' అని పడింది. అప్పలరాజు గారు మర్యాదకి నన్ను పాప అనే పిలిచేవారు కాబట్టి నాన్నగారికి గుంట అంటే ఆడపిల్లని తెలియదు. కొండ మీద గొయ్యి ఆగిపోవడమేమిటి, అర్థం లేని మాట. అర్థమున్న మాట ఒకటే ఉంది, అది ఆయన ఊహలో ఎప్పట్నుంచో సిద్ధంగా ఉంది. అప్పలరాజు గారు "బావా, ఆగు, ఏటయినాది?" అంటూనే ఉన్నారట, నాన్నగారు అప్పటికే ఇసక దాటేశారట.

ఇవేమీ నాకు తెలియదు. ముసలావిడకి దణ్ణం పెట్టి సైకిలెక్కాను. ఇప్పుడిక గుంటల భయం లేదు కాబట్టి దిగుడులో బ్రేకు వదిలేశాను. గాలి చెవుల్లో హోరుమంటోంది. మలుపుల్లో వాళ్ళు "గుంటొస్తంది!" అంటే "వస్తన్నాను!" అని వాళ్ళ యాసలోనే బదులరుస్తున్నాను. అంత సంతోషం నా బతుకులో అంతకు ముందు లేదు. రాళ్ళ బాట చివరి మలుపు తిరిగేసరికి, పందెం వచ్చే దారికి ఎదురుగా ఒక మనిషి పైకి పరిగెత్తుకొస్తున్నాడు. చొక్కా ప్యాంటులోంచి ఊడిపోయి ఉంది, ఒక కాలికే చెప్పుంది. ఎవరో పిచ్చివాడనుకున్నాను. నాన్నగారు పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు, అందుకే పోల్చుకోలేకపోయాను. పోల్చుకున్నాక బ్రేకు నొక్కితే సైకిల్ ఆయన కాళ్ళ ముందు జారి ఆగింది.

ఆయన హ్యాండిల్ రెండు చేతులతో పట్టుకున్నారు. రొప్పుతూనే, "ఆగిపోయిందన్నారు," అన్నారు.

"ఏం ఆగింది నాన్నగారూ?"

"గుండె. నీ గుండె ఆగిపోయిందని పైనుంచి కేకేశారు."

"గుండె కాదు నాన్నగారూ, గుంట. గుంట ఆగిపోయిందన్నారు. గుంటంటే ఇక్కడ గొయ్యి కాదుట. గుంటంటే నేనేట," అన్నాను.

నాన్నగారు బాట మీదే, ఆ రాళ్ళ మధ్యే కూలబడిపోయారు. మొహం మోకాళ్ళలో పెట్టుకుని ఏడ్చారు. వెక్కివెక్కి ఏడ్చారు, ఏడుస్తూ మధ్యలో నవ్వారు కూడా. వెనకబడిన కుర్రాడొకడు సైకిల్ చేత్తో పట్టుకుని, పంచరైన టైరుతో మమ్మల్ని దాటుకుంటూ వెళ్ళాడు. తండ్రి ఏడుస్తుంటే పిల్లకి భయం వెయ్యాలి. నాకు మాత్రం హాయిగా అనిపించింది. పదేళ్ళుగా మా ఇంట్లో ఎవరూ ఏడవకుండా దాచి ఉంచినదంతా అక్కడ బయటికి పోతోందనిపించింది. కాసేపయ్యాక ఆయన చొక్కా అంచుతో మొహం తుడుచుకుని, నా చెయ్యి అందుకుని నాడి పట్టుకున్నారు. వాచీ చూసుకుంటూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టారు, పంప్ హౌస్‌లో లాగే. తర్వాత తన చెయ్యి తను పట్టుకుని తన నాడి లెక్కపెట్టుకున్నారు. "నాదే నీకంటే ఎక్కువ కొట్టుకుంటోంది," అన్నారు ఆశ్చర్యంగా.

"ఇంక ఎక్కు. ఇంకా ఇసక ఉంది," అని సైకిల్ లేపి నిలబెట్టారు.

"నేను మధ్యలో ఆగాను కదా నాన్నగారూ. పైనా ఆగాను, ఇక్కడా ఆగాను."

"పైన ఎందుకాగావు?"

"నవ్వొచ్చి."

"ఆయాసానికీ నొప్పికీ ఆగితే అన్నాను గానీ నవ్వుకి ఆగితే అనలేదుగా. ఇక్కడ నిన్ను ఆపింది నేను. ఎక్కు," అన్నారు.

నేను అందరికన్నా చివర వచ్చాను. ఇసకలో రెండుసార్లు పడ్డాను కూడా. కానీ ఆ రోజు యారాడలో నాకు పడినన్ని చప్పట్లు మొదట వచ్చినవాడికి పడలేదు. కబురు కొండ మీంచి ఎలా దిగిందో, నాన్నగారు ఎలా ఎక్కారో అప్పటికే ఊరంతా తెలిసిపోయింది. ఎవరో ఆయన రెండో చెప్పు వెతికి తెచ్చిచ్చారు. అప్పలరాజు గారి అక్కగారింట్లో చేపల పులుసుతో భోజనం పెట్టారు. ఎవరింట్లోనూ మొహమాటానికి నాలుగు మెతుకులు తప్ప తినని నాన్నగారు మూడోసారి అన్నం పెట్టించుకుని, "ఇంకో ముక్క వెయ్యమను బావా," అన్నారు. అప్పలరాజు గారు వడ్డన ఆపి, తలెత్తి, "ఏటన్నావ్? మళ్ళీ అను," అన్నారు. నాన్నగారు మళ్ళీ అనలేదు గానీ ముక్క మాత్రం తిన్నారు.

కాలేజీ తెరిచినప్పుడు చీటీ వెళ్ళలేదు. మామ్మ ఆ సంగతి విని, "అయితే గోనెడు చెక్క ఏం చెయ్యమంటారు, దండగేనా?" అని రోజూ ఆ కషాయం తనే తాగడం మొదలుపెట్టింది. తొంభై దాటే దాకా కులాసాగా బతికింది కాబట్టి ఆ చెక్క గురించి నేను చెడ్డగా మాట్లాడను.

లేదు అన్న గడిలో టిక్కు పెట్టి దిగిన సబ్బవరం పందెంలో అందరికీ మణికట్టుకి వాచీలున్నాయి, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో వాటి మీద పచ్చటి అంకెల్లో కనిపిస్తూ ఉంటుంది. అంబులెన్సు ఉంది, హెల్మెట్లున్నాయి, మలుపుల్లో ఉన్నవాళ్ళ చేతుల్లో వైర్‌లెస్ సెట్లున్నాయి. ఎవరి కబురూ ఎవరి నోట్లోనూ మారిపోదు. ఇది మంచిదే, నేను కాదనను. నా కూతురు ఇరవై దాటి నాతో పాటే సైకిల్ తొక్కుతుంది, ఎవరూ దాన్ని రెక్క పట్టుకుని మెట్లు దింపలేదు, అందుకు నాకు సంతోషం. కానీ ఆ అంకెల్ని చూస్తున్నప్పుడు ఒకటి అనిపిస్తుంది. గుండె బాగుందని అంకె చెప్తుంది. అది నమ్మడానికి మాత్రం మనిషి ఒక కొండ ఎక్కవలసి వస్తుంది. మా విషయంలో ఎక్కింది నేనొక్కదాన్నే కాదు. డాక్టరు గారు చెప్పినా, గీతల కాగితం చెప్పినా మా నాన్నగారు నమ్మలేదు. ఒంటి చెప్పుతో కొండెక్కి, ఆగిపోయిందనుకున్నది కొట్టుకోవడం తన వేళ్ళతో చూసుకున్నాకే నమ్మారు. ఆయన ఇప్పుడు లేరు. ఉంటే, ఏ భయమైనా అంతేనే, ఎదురెళ్ళి చూస్తేగానీ పోదు అని ఉండేవారేమో. అలాంటి మాటలు ఆయన ఎప్పుడూ అనలేదు, నేనే కల్పిస్తున్నాను.

యారాడ పందెం అయిన వారానికో పది రోజులకో ఊరి నుంచి బియ్యం బస్తా వచ్చింది. లారీ ఆఫీసు నుంచి రిక్షా అతను తెచ్చి కింద మెట్ల దగ్గర దింపేసి వెళ్ళిపోయాడు. బస్తాలు పైకి చేరెయ్యడం ఎప్పుడూ నాన్నగారూ అమ్మా చేసే పని. ఆ పూట అమ్మ చేతులు పిండిలో ఉన్నాయి. నేను బాల్కనీ గోడకి ఆనుకుని కిందికి చూస్తున్నాను. నాన్నగారు బస్తా పక్కన నిలబడి, నడుం మీద చెయ్యేసుకుని పైకి చూశారు. ఎండ కంట్లో పడి కళ్ళు చికిలించారు. నన్ను చూశారు. అమ్మ కోసం కేకేస్తారనుకున్నాను.

"ఏం చూస్తున్నావ్ అక్కడ నిలబడి?" అన్నారు నాన్నగారు. "దిగిరా. ఆ రెండో కొస పట్టుకో."